పుట్టగొడుగు గోలీకి గ్రాముల లెక్క

మెడికల్ షాపులోనో ఫోన్లోనో కొన్న పుట్టగొడుగుల క్యాప్సూల్ డబ్బా ఇంట్లో ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు మెదడు బొమ్మ, డాలు బొమ్మ, మంచుకొండలు, అన్నీ ఉంటాయి. అసలు సంగతి వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది: ఒక్కో క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు. అంటే గ్రాము పొడి. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే కాబట్టి ఆ గ్రాము పొడికి లెక్కగట్టేది పది గ్రాముల పచ్చి పుట్టగొడుగు. ఓ మాదిరి బటన్ పుట్టగొడుగు ఒక్కటే 15 నుంచి 20 గ్రాములు తూగుతుంది. నెలంతా తప్పకుండా 60 గోలీలు మింగినవారికి దక్కేది 300 గ్రాముల పుట్టగొడుగులు. హన్మకొండ కూరగాయల దుకాణాల్లో అమ్మే 200 గ్రాముల డబ్బాలు ఒకటిన్నర. ఇద్దరు మనుషులు ఒక పూట జొన్నరొట్టెల్లో పెట్టుకునే కూర.

పుట్టగొడుగుల్లో ఏమీ లేదని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. చాలా ఉంది. ఉన్నదంతా ఆహారం మోతాదులో తింటేనే ఒంటికి అందుతుంది, చిటికెడు పొడిలో అందదు. వారానికి రెండుసార్లు కూర వండుకునే ఇంటికి ఈ డబ్బా అవసరం లేదు. వండుకోని ఇంట్లో ఈ డబ్బా ఆ లోటు తీర్చలేదు.

దీనికి అమ్మేవాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు: "మాది పొడి కాదండీ, సారం. పదికి ఒకటి." మంచిదే. పది గ్రాముల ఎండు పుట్టగొడుగును వేడినీళ్లలో ఉడికించి, ఆ నీటిని ఇగిర్చితే గ్రాము సారం వచ్చిందని దాని అర్థం. ఆ మాట నిజమే అనుకున్నా గ్రాము సారం 100 గ్రాముల పచ్చి పుట్టగొడుగుకు సమానం, అంటే సగం డబ్బా కూర. పైగా పదికి ఒకటి అన్న నిష్పత్తి చూస్తే ఎంత సరుకు లోపలికి పోయిందో తెలుస్తుంది గానీ, బయటికి ఏమొచ్చిందో తెలియదు. లేబుల్ మీద బీటా గ్లూకాన్ (పుట్టగొడుగు కణం గోడలో ఉండే పీచు పదార్థం) ఇంత శాతం అని అంకె ఉంటే మాట్లాడుకోవచ్చు. "పాలీశాకరైడ్లు 40 శాతం" అని మాత్రమే ఉంటే ఆ 40లో గంజి కూడా కలిసి ఉండొచ్చు. చక్కెర అణువుల పొడవాటి గొలుసులన్నీ పాలీశాకరైడ్లే, గంజి కూడా అందులోదే.

లోపల ఉన్నదేమిటి

పుట్టగొడుగు కణం గోడ కైటిన్‌తో, బీటా గ్లూకాన్లతో కట్టుకుని ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ కైటినే. మన కడుపు దాన్ని అంత తేలిగ్గా విడగొట్టలేదు. పచ్చివి కోసి సలాడ్‌లో వేసుకుంటే లోపలి సరుకులో చాలాభాగం గోడ వెనకే ఉండిపోయి బయటికి పోతుంది. ఉడికితే గోడ వదులవుతుంది. ఉడికించని పచ్చి పొడిని పాలల్లో కలుపుకు తాగడం కన్నా చారులో వేసి పావుగంట మరిగించడం మేలు అనేది అందుకే.

బీటా గ్లూకాన్ పేరు చెప్పి కొలెస్టరాల్ తగ్గుతుందని రాసే డబ్బాలు ఇంకో చిన్న మాయ చేస్తాయి. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్‌తో కొలెస్టరాల్ తగ్గుతుందని ఐరోపాలో ఒప్పుకున్నది ఓట్స్, బార్లీల గురించి. వాటిలోని గ్లూకాన్ అల్లిక వేరు, పుట్టగొడుగుల్లోని అల్లిక వేరు. ఓట్స్ నీళ్లలో జిగురుగా సాగుతుంది, ఆ జిగురే పేగులో పైత్యరసాన్ని పట్టుకుంటుంది. పుట్టగొడుగు గ్లూకాన్‌లో ఎక్కువ భాగం నీళ్లలో కరగదు. ఒకదాని ఫలితం తెచ్చి ఇంకొకదాని లేబుల్ మీద అతికించడం న్యాయం కాదు. ఆయిస్టర్ పుట్టగొడుగుల్లో సహజంగా లోవాస్టాటిన్ ఉంటుందన్నది నిజమే. 1987లో అమెరికాలో అనుమతి పొందిన కొలెస్టరాల్ మందు అదే. కానీ పుట్టగొడుగులో ఉండేది కొంచెం, అదీ ఒక్కో పంటలో ఒక్కో తీరు. డాక్టర్ రాసిన స్టాటిన్ (ఆ జాతి కొలెస్టరాల్ మందు) మానేసి ఆయిస్టర్ కూర తింటామంటే కుదరదు.

నా లెక్కన పుట్టగొడుగుల అసలు గొప్ప ఎర్గోథియోనిన్ అనే యాంటీ ఆక్సిడెంట్, అంటే కణాలు పాడవకుండా కాచే పదార్థం. పేరు నోరు తిరగదు గనుక ప్రకటనల్లో తక్కువ కనబడుతుంది. దీన్ని మన ఒళ్లు తయారుచేసుకోలేదు. కానీ దాన్ని పట్టి కణాల్లోకి చేర్చే వాహకం మాత్రం ఒంట్లో ఉంది. మనం తినే వాటిలో ఇది దండిగా దొరికేది పుట్టగొడుగుల్లోనే. ఆయిస్టర్లో ఎక్కువ, తెల్ల బటన్లో తక్కువ. వంట వేడికి తట్టుకుంటుంది, నీళ్లలో కరుగుతుంది. అందువల్ల ఉడికించిన నీళ్లు పారబోస్తే సగం మంచి పారబోసినట్టే.

ఇక ప్రొటీన్. "ఎండు పుట్టగొడుగులో 25 శాతం ప్రొటీన్" అనే మాట ప్రతిచోటా కనబడుతుంది. ప్రొటీన్ కొలిచేటప్పుడు ముందు నైట్రోజన్ కొలిచి, దాన్ని మామూలుగా 6.25తో హెచ్చిస్తారు. పుట్టగొడుగులోని నైట్రోజన్ కొంత కైటిన్‌లో ఉంటుంది, అది ప్రొటీన్ కాదు. అందుకే దీనికి వాడాల్సిన గుణకం 4.38. నైట్రోజన్ 4 శాతం ఉంటే పాత లెక్కలో ప్రొటీన్ 25, సరైన లెక్కలో 17.5. నూరు గ్రాముల పల్లీల్లో ప్రొటీన్ 25 గ్రాముల చుట్టూ ఉంటుంది, ధర ఎండు పుట్టగొడుగుల ధరలో చాలా చిన్న భాగం. ప్రొటీన్ కోసమైతే పల్లీలు కొనండి, పప్పు కొనండి. పుట్టగొడుగుల పని వేరు.

గోలీలో ఉన్నది పుట్టగొడుగేనా?

మనం కూరలో వేసేది పండు భాగం, అంటే గొడుగు. చాలా గోలీల్లో ఉండేది మైసీలియం, అంటే ధాన్యం మీద అల్లుకునే తెల్లటి బూజు. బియ్యం, జొన్న, ఓట్స్ ఉడికించి దాని మీద పెంచుతారు. పెరిగాక బూజును గింజ నుంచి వేరు చేయడం కుదరదు గనుక రెండూ కలిపే ఎండబెట్టి పొడి కొడతారు. పొడిలో గింజ వాటా చాలా పెద్దదే ఉండొచ్చు. అలాంటి గోలీ కొంటే గోలీల ధరకు బియ్యప్పిండి కొన్నట్టే.

దీన్ని వంటింట్లోనే పరీక్షించొచ్చు. అర టీస్పూన్ పొడిని అరగ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించండి. పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉంటే రంగు కనబడదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. వడగట్టి తెల్ల ప్లేటులో కొంచెం పోసి, మెడికల్ షాపుల్లో గాయాలకు అమ్మే పొవిడోన్ అయోడిన్ మూడు నాలుగు చుక్కలు వేయండి. పక్కనే రెండు పోలికలు పెట్టుకోవాలి: అన్నం వార్చిన గంజి ఒకటి, మీరే ఎండబెట్టిన పుట్టగొడుగు ఉడికించిన నీళ్లు ఒకటి. గంజి ముదురు నీలం, నల్లటి రంగుకు తిరుగుతుంది. పుట్టగొడుగు నీళ్లు అయోడిన్ రంగులోనో కాస్త ఎర్రమట్టి రంగులోనో ఉంటాయి. గోలీ నీళ్లు గంజి వైపు పోతే అందులో గింజ ఉన్నట్టే. రెండు జాగ్రత్తలు. డబ్బాలో విటమిన్ సి కలిపి ఉంటే అది అయోడిన్ రంగునే పోగొడుతుంది, పరీక్ష పనికిరాదు. ఇక, సారం పొడిగా ఉండటానికి కలిపే, గంజి నుంచే తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ చాలాసార్లు నీలం చూపించదు. కాబట్టి నీలం వస్తే పట్టుకోవచ్చు గానీ, రాకపోతే స్వచ్ఛమైనదని చెప్పలేం.

మైసీలియం అంటేనే దండగ అనడమూ తొందరపాటే. లయన్స్ మేన్ అనే పుట్టగొడుగులో నరాల పెరుగుదలకు సంబంధించి చర్చలో ఉన్న పదార్థాలు రెండు రకాలు. హెరిసినోన్లు గొడుగులో ఉంటాయి, ఎరినసిన్లు మైసీలియంలో ఉంటాయి. ద్రవంలో పెంచి వడగట్టిన మైసీలియం ఒక ఎత్తు, గింజతో సహా రుబ్బినది ఇంకో ఎత్తు. లేబుల్ ఏదని చెబుతుందో చూసుకోవాలి. ఏమీ చెప్పకపోతే రెండోదే అనుకోవడం మంచిది.

ఆ లయన్స్ మేన్ గురించే అందరూ చూపించే జపాన్ పరిశోధన 2009లో అచ్చయింది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య, మతిమరుపు మొదలైన 30 మంది. వారిలో పొడి తీసుకున్నవాళ్లకు 16 వారాల పాటు జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు మెరుగుపడ్డాయి, మానేసిన నాలుగు వారాలకు మళ్లీ తగ్గాయి. వాళ్లకిచ్చిన మోతాదు రోజుకు 3 గ్రాముల గొడుగు పొడి. మన డబ్బాలో గ్రాము. పరిశోధన పేరు వాడుకుంటే మోతాదు కూడా వాడాలి కదా!

రీషి అనే పుట్టగొడుగు సంగతి ఇంకా తేలికగా తేలుతుంది. రెండోరకం షుగర్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పును అది తగ్గిస్తుందా అని 2015లో కాక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచేది) చూసింది. దొరికిన కొద్ది పరీక్షలూ ఆ వాడకాన్ని సమర్థించలేదు. క్యాన్సర్ మీద 2016 నాటి సమీక్ష, మొదటి చికిత్సగా వాడేందుకు తగిన ఆధారం లేదంది. అయినా రీషి కాఫీ సంచులు "షుగర్ మాయం" అంటూ చుట్టాల ద్వారా ఊళ్లలోకి వస్తూనే ఉన్నాయి. జపాన్‌లో టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని 1977లో క్యాన్సర్ చికిత్సకు తోడుగా ఒప్పుకున్న మాట వాస్తవమే. అది ఆస్పత్రిలో, కీమోతో పాటు, తూకం కట్టి ఇచ్చిన మందు. కాఫీలో కలిపే పొడితో దానికి పోలిక లేదు.

మన ఎండ ఉండగా

గోలీ కంటే కూర మేలని ఊరికే చెబితే చాలదు. ఆ కూరను ఇంకా మేలుగా చేసే ఉపాయం ఒకటుంది, ఖర్చు సున్నా. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంది. ఎండలోని యూవీ–బి అనే అతినీలలోహిత కిరణం తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. చీకటి గదిలో పెరిగి చీకటి డబ్బాలో వచ్చిన పుట్టగొడుగులో డి దాదాపు ఉండదు. మధ్యాహ్నపు ఎండ చూపిస్తే నూరు గ్రాములకు 10 మైక్రోగ్రాముల దాకా, ఒక్కోసారి అంతకు మించీ వస్తుంది. 10 మైక్రోగ్రాములంటే విటమిన్ గోలీల మీద రాసే కొలతలో 400 ఐయూ. మనిషికి రోజుకు కావాల్సింది 600.

చేసే తీరు ఇది. వండే రోజు పొద్దున పదిన్నర నుంచి రెండున్నర మధ్యలో పుట్టగొడుగులను ముక్కలుగా కోసి పళ్లెంలో ఒకే వరుసగా పరచాలి. కోయకపోతే గొడుగు కిందివైపు గీతలు పైకి ఉండేలా తిరగేసి పెట్టాలి. చర్మం కంటే గీతల్లో వెలుగు తగిలే చోటు ఎక్కువ. అరగంట నుంచి గంట చాలు. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి డిసెంబర్, జనవరిలో కూడా మిట్టమధ్యాహ్నం ఎండ ఈ పనికి సరిపోతుంది. సాయంత్రం నాలుగింటి ఎండ వెచ్చగా ఉంటుంది గానీ యూవీ–బి పలచబడిపోతుంది. కిటికీ అద్దం వెనక పెడితే ఏమీ రాదు, గాజు ఆ కిరణాన్ని ఆపేస్తుంది. ఈగల కోసం గాజు మూత పెట్టడం మామూలుగా జరిగే తప్పు. పలచటి దోమతెర కప్పండి. ఏప్రిల్, మే నెలల్లో గంట దాటితే ముక్కలు తోలులా ముడుచుకుంటాయి, ఇరవై నిమిషాలు చాలు.

రక్తపరీక్షలో డి బాగా తక్కువని తేలినవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. డాక్టర్లు వారానికొకటి రాసే డి3 60,000 ఐయూ గోలీకి సమానంగా తినాలంటే ఎండ చూపించిన పుట్టగొడుగులు 15 కిలోలు కావాలి. పైగా రక్తంలో డి మోతాదును నిలబెట్టడంలో డి2 కంటే డి3 మెరుగు. బీ12కు కూడా పుట్టగొడుగు మీద ఆధారపడొద్దు, అందులో ఉండేది నామమాత్రం.

వండేటప్పుడు పెద్ద మంట, వెడల్పాటి మూకుడు. ఆయిస్టర్‌ను కత్తితో కాకుండా చేత్తో నిలువుగా చీల్చాలి. ముందు నూనె లేకుండా ముక్కలు వేస్తే నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు దానిలోకే ఇంకిపోయేదాకా ఉంచి, తర్వాత నూనె, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం, చివర్లో నువ్వుల పొడి. చిన్న మంట మీద మూత పెడితే ఉడికిన రబ్బరు తయారవుతుంది. షిటాకే రకం దొరికితే సగం ఉడికినవి అసలు తినొద్దు. అందులోని లెంటినాన్ వల్ల కొందరికి ఒళ్లంతా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. బాగా ఉడికితే ఆ బెడద దాదాపు ఉండదు.

కాడలు గట్టిగా ఉంటాయని పారేస్తారు. చాలా రకాల్లో బీటా గ్లూకాన్ గొడుగు కంటే కాడలోనే ఎక్కువ. వాటిని ఎండబెట్టి పొడి చేసి చారులో, పప్పులో వేసుకోవచ్చు. సర్వపిండిలో కలపాలంటే కిలో బియ్యప్పిండికి 50 గ్రాముల పొడి సరి. వంద దాటితే వాసన నువ్వుల్ని మింగేస్తుంది, పిండి అంటుకోక పగుళ్లు వస్తాయి. సర్వపిండిలో అసలు బలం అప్పటికే వేసిన పల్లీలు, శనగపప్పు, నువ్వులదే. పుట్టగొడుగు దానికి రుచీ కాస్త పీచూ కలుపుతుంది.

పెంచేవాళ్లకు నాలుగు మాటలు

వరికోతలయ్యాక మన పొలాల్లో గడ్డి కాల్చేస్తున్నారు. ఆ గడ్డి మీదే ఆయిస్టర్ పండుతుంది. కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన వాతావరణం దానికి కుదురుతుంది. ఎండలు ముదిరాక 30–35 డిగ్రీలకు తట్టుకునే పాల పుట్టగొడుగుకు మారాలి.

పేచీ అంతా గడ్డి శుద్ధి దగ్గరే. శిక్షణల్లో తరచుగా చెప్పేది మందు పద్ధతి: 100 లీటర్ల నీళ్లలో 7.5 గ్రాముల కార్బెండజిమ్ (బూజును చంపే మందు), 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్ (క్రిములను చంపే రసాయనం) కలిపి, గడ్డిని 18 గంటల దాకా నానబెట్టడం. పొయ్యి అక్కర్లేదు, తేలిక. అయితే పెరిగే చోటు నుంచి ఉన్నదంతా పీల్చుకునే గుణం పుట్టగొడుగుది. పదికిలోలు ఎండి కిలో అయినప్పుడు అందులో చేరిన మందు, బరువు లోహాలు కూడా పదింతలు చిక్కబడతాయి. కూరకు అమ్మేవాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆరోగ్యం పేరు చెప్పి పొడిగా అమ్మేవాళ్లు ఈ పద్ధతిని పూర్తిగా వదిలేయాలని నా పట్టు.

వేడినీళ్ల పద్ధతి కష్టమేమీ కాదు. గడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి, గోనెసంచిలో వేసి రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. పొద్దున డ్రమ్ములో 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. సంచి తేలుతుంది, పైన బండ పెట్టి ముంచకపోతే తేలిన భాగంలో వేడి చేరక వారం తిరిగేసరికి పచ్చబూజు వస్తుంది. తీసి నీడలో ఆరబెట్టాలి. గుప్పెడు గడ్డి గట్టిగా పిండితే అరచెయ్యి తడవాలి, చుక్క రాలకూడదు. చుక్క రాలిందంటే సంచిలో గడ్డి కుళ్లి, నల్లసిరాలా కరిగిపోయే కలుపు గొడుగులు మొలుస్తాయి. 10 కిలోల తడిగడ్డికి పావుకిలో విత్తనం. పొరలు పొరలుగా, సంచి అంచుల వెంట. చీకటి గదిలో 15–20 రోజుల్లో సంచి తెల్లబడుతుంది. తర్వాత వెలుతురు, గాలి, తడి కావాలి. కాడలు పొడుగు, గొడుగులు చిన్నవి వస్తుంటే గదిలో గాలి ఆడటం లేదని అర్థం. అంచులు పైకి తిరగకముందే కోయాలి. ఆలస్యమైతే తెల్లటి బీజాలు గదంతా పొగలా లేస్తాయి, రోజూ పీల్చేవాళ్లకు దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. గదిలోకి మాస్కు లేకుండా పోవద్దు.

అమ్ముడుపోని సరుకును అదే రోజు ఎండబెట్టాలి. మామూలు గదిలో ఆయిస్టర్ ఒకటి రెండు రోజులకు మించి ఆగదు, వాడిపోయినది ఎండబెడితే పొడి పసుపురంగు తిరిగి చేపవాసన వేస్తుంది. డ్రయ్యర్‌లో 45–50 డిగ్రీలు. తొందరపడి 60 దాటిస్తే పైన మాడి లోపల తడి ఉండిపోతుంది. విరిస్తే అప్పడంలా విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు. వానాకాలంలో ఆరుబయట ఎండబెట్టే ఆలోచనే వద్దు. ముక్కలుగా నిలవ చేసి, అమ్మేముందు పొడి కొట్టండి. పొడి గాలిలో తడిని ముక్కల కంటే త్వరగా లాక్కుంటుంది, గడ్డకడుతుంది. కొనేవాళ్లకు కూడా ముక్క చూస్తే ఏ పుట్టగొడుగో తెలుస్తుంది.

ఈ చివరి మాట అడవి పుట్టగొడుగులకు మరీ ముఖ్యం. తొలకరికి ములుగు, ఏటూరునాగారం వైపు పుట్టల మీద లేచేవి చెదలతో కలిసి బతికేవి, సాగుకు లొంగవు. వాటి రుచికి సాటి లేదు. తెలిసినవాళ్లు ఏరినవి గొడుగుగా చూసి కొనుక్కోండి. అడవి పుట్టగొడుగుల పొడి అని ఎవరిచ్చినా తీసుకోవద్దు, పొడి అయ్యాక మంచిదేదో కుక్కగొడుగేదో ఎవరూ చెప్పలేరు. పచ్చికల్లో మొలిచే ఒక తెల్ల గొడుగు చూడ్డానికి అచ్చం తినేదానిలాగే ఉండి గంటల్లో వాంతులు పెట్టిస్తుంది. దాని గొడుగును తెల్లకాగితం మీద రాత్రంతా బోర్లిస్తే ఆకుపచ్చ ముద్ర పడుతుంది. వెండి నాణెం నల్లబడటం, ఎల్లిగడ్డ రంగు మారడం లాంటి పరీక్షలు ఉత్తవి.

గోలీలు తినాలనే నిశ్చయించుకున్నవాళ్లలో కొందరు ముందు డాక్టర్‌ను అడగాల్సిందే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కు తారీఖు పడ్డవాళ్లు రీషికి దూరంగా ఉండాలి. దాని పొడితో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. కిడ్నీ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు "ఇమ్యూనిటీ పెంచే" ఏ పొడీ మంచిది కాదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు చాగా అనే పుట్టగొడుగు పొడి ముట్టొద్దు, అందులో ఆక్సలేట్ చాలా ఎక్కువ. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు కొత్త పొడి మొదలుపెడితే షుగర్ మరీ పడిపోకుండా చూసుకుంటూ ఉండాలి.

చిన్నగా అమ్ముకునే మన మహిళా సంఘాలకు, యువ రైతులకు లేబుల్ విషయంలో ఒక హెచ్చరిక. షుగర్, క్యాన్సర్, బీపీ నయమవుతాయని ప్రకటిస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. క్యాప్సూల్‌గా, హెల్త్ సప్లిమెంట్‌గా అమ్మితే "మందుగా వాడరాదు" అన్న మాట లేబుల్ మీద ఉండి తీరాలి. దాని బదులు ఎండు ఆయిస్టర్ ముక్కలుగానే, ఆహారంగానే అమ్మండి: ఏ రకం, ఏ గడ్డి మీద పెంచింది, శుద్ధి వేడినీళ్లతోనా మందుతోనా, ఎండబెట్టిన తారీఖు, నికర బరువు, నానబెట్టితే ఎంతవుతుంది, ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఎండ చూపించి ఎండబెడితే ఆ మాట రాయొచ్చు. విటమిన్ డి అంకె మాత్రం ల్యాబ్ పరీక్ష చేయించాకే వేయాలి.